సాయంత్రం పక్షం గడియారం

రెండువేల దశకం నడుమ, ప్రభుత్వం మారిన మరుసటి ఏడాది ఎండాకాలంలో, నన్ను ప్రొద్దుటూరుకు వేశారు. హోదా సిస్టమ్స్ ఇంజినీరు. ప్రభుత్వ కార్యాలయాలకు కంప్యూటర్లు, ప్రోగ్రాములు సమకూర్చే సంస్థ మాది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల మూడు పోలీసు స్టేషన్లను ఎంచి, షరతు బెయిలు మీద ఉన్నవాళ్ల హాజరును కంప్యూటర్లో తీసుకునే ఏర్పాటును అక్కడ ప్రయోగంగా పెట్టాలి. అదీ నా పని. ఆడమనిషిని ఆ పక్కకు పంపుతారా అని ఆఫీసులో ఒకరిద్దరు జాలిపడ్డారు. జాలిపడినవాళ్లెవరూ నా బదులు తాము వెళ్తామని మాత్రం అనలేదు.

షరతు బెయిలు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. హత్యాయత్నం, బాంబుదాడి లాంటి కేసుల్లో ముద్దాయిని బెయిలు మీద వదిలేటప్పుడు, ఛార్జిషీటు పడేదాకా రోజూ ఫలానా వేళలో స్టేషనుకు వచ్చి సంతకం పెట్టాలని కోర్టు షరతు పెడుతుంది. తప్పితే, బెయిలు రద్దు చేయమని పబ్లిక్ ప్రాసిక్యూటరు కోర్టును అడగొచ్చు. మామూలు జిల్లాల్లో ఇందులో వింత ఏమీ లేదు. ఫ్యాక్షన్ ఊళ్లలో ప్రతి కేసుకూ ఎదురుకేసు ఉంటుంది కాబట్టి రెండు పక్షాలవాళ్లూ ఒకే స్టేషనుకు సంతకానికి రావాలి. గేటు దగ్గర ఎదురుపడితే ఇంకో కేసు. అందుకని ఒక పక్షానికి పొద్దున, ఇంకో పక్షానికి సాయంత్రం అని వేళలు విడగొట్టేవారు.

పొద్దున వేళ మంచిది. సంతకం పెట్టి పోయి చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, పని చూసుకోవచ్చు. సాయంత్రం వేళంటే పొద్దు గూకే సమయానికి ఊరిదారి పట్టాలి. కాబట్టి అధికారంలో ఉన్నవాళ్ల మనుషులు పొద్దున వచ్చేవాళ్లు. ప్రభుత్వం మారగానే ఎక్కడా రాతకోతలు లేకుండానే వేళలు తారుమారయ్యాయి. నేను వెళ్లేసరికి అక్కడ ఎవరూ నాయకుల పేర్లెత్తేవాళ్లు కారు. పొద్దుటి పక్షం, సాయంత్రం పక్షం అనేవాళ్లు.

ఈ కథ ఆ మూడు స్టేషన్లలో ఒకదాని గురించి. దాని పేరు రాయను. అక్కడి రైటరు, అంటే స్టేషను రికార్డులన్నీ రాసే హెడ్ కానిస్టేబులు, బాషా. పెద్ద వయసు, మెల్లటి మాట. నేను మొదటిరోజు పరికరాలు విప్పుతుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఇది ఏ కంపెనీ సాఫ్టువేరు మేడం అని అడిగాడు. ఏ కంపెనీదీ కాదన్నాను.

"మరి ఎవురిది మేడం?"

"ఎవరిదీ కాదు బాషా గారూ. లోకంలో ఎక్కడెక్కడి ఇంజినీర్లో కలిసి రాస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు."

ఆయన స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఎవురిదీ కాంది గవుర్మెంటు ఆఫీసులోకి ఎట్లొచ్చింది మేడం? ఎవురో ఒగరు తెచ్చింటారు గదా. ఆయప్ప ఏ పార్టీ?"

అప్పుడు నవ్వాను. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం గురించి ఎన్నో సభల్లో ఎన్నో ప్రశ్నలు విన్నాను గానీ, అంత సూటిది వినలేదు.

ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటర్లోని భాగాలన్నిటి చేతా పని చేయించే మూల ప్రోగ్రాము. అందులోనూ ప్రధాన భాగాన్ని కెర్నెల్ అంటారు. బజారులోకి కొత్త ప్రాసెసర్ వచ్చినప్పుడు, దాని గుణగణాలు కెర్నెల్‌కు తెలియాలి. డబ్బు పెట్టి కొనే సిస్టం అయితే కంపెనీలు ముందే మాట్లాడుకుని ఏర్పాటు చేసుకుంటాయి. మా సిస్టంలో ఆ పని తర్వాత జరిగేది. ఎవరో ఒకరు కొత్త యంత్రం కొని, అది మొరాయిస్తే కారణం వెతికి, సవరణ రాసి అందరికీ పంపాలి. ఈలోపు ఆ యంత్రం ఎవరి నెత్తిన పడితే వాళ్ల ఖర్మ.

మాకు అదే జరిగింది. మేం పరీక్షించింది పాత రకం యంత్రాల మీద. రెండు స్టేషన్లకు అవే వచ్చాయి. మూడోదానికి వచ్చేసరికి ఆ రకం అయిపోయిందని సరఫరాదారు కొత్తది పంపాడు. ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లుండే రకం అది, అప్పుడే వచ్చింది. మా సిస్టం దాని మీద ఎక్కనే ఎక్కలేదు. హార్డ్ డిస్కు ఉన్నట్టే గుర్తించలేదు. ప్రొద్దుటూరులో నేనున్న ఆఫీసు గదిలో కొత్త కెర్నెల్ తెప్పించుకుని, దాన్ని ఈ యంత్రానికి తగ్గట్టు తయారు చేసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి డిస్కు కనబడింది, వేలిముద్ర పరికరం పలికింది, ప్రింటరు కదిలింది. పని అయిపోయిందనే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఏర్పాటు ఇది. మనిషి వచ్చి వేలు పెడతాడు. తన వేళలో పెడితే 'హాజరు' అని, దాటితే 'ఆలస్యం' అని పడుతుంది. వారానికోసారి ఆ జాబితా ప్రాసిక్యూటరుకు పోతుంది. పుస్తకం ఉన్న రోజుల్లో నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయితే బాషా చూసీ చూడనట్టు ఉండేవాడు. ఇప్పుడు ఆ వీలు లేదు. అసలు అది లేకుండా చేయడానికే ఈ పథకం పెట్టారు.

కొన్ని వారాల తర్వాత బాషా ప్రొద్దుటూరుకు ఫోను చేశాడు. మేడం, మీరొకసారి రావాల, ఈడ పరిస్థితి బాగలేదు అన్నాడు. ఇంకేం చెప్పలేదు. ఫోన్లో చెప్పే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

నేను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. గేటు బయట నాపరాతి అరుగు మీద సాయంత్రం పక్షంవాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. సంగతి బాషా చెప్పాడు. సాయంత్రంవాళ్లందరికీ వరసగా 'ఆలస్యం' పడుతోంది. పొద్దుటివాళ్లకు ఒక్కసారి కూడా పడలేదు. మూడు స్టేషన్లలో కొత్త యంత్రం వచ్చింది ఇక్కడికొక్కదానికే. ఇంకేం కావాలి? అధికార పక్షం ఈ మిషన్ను పనిగట్టుకుని తెప్పించిందని సాయంత్రంవాళ్లు తేల్చేశారు. అది పచ్చి అబద్ధం. అయినా పొద్దుటి పక్షంవాళ్లు కాదనలేదు సరికదా, ఘనత తమ ఖాతాలో వేసుకున్నారు. "మా అన్నే సెప్పి పెట్టిచ్చినాడు. ఒక్కొక్కడూ లోపలికి పోతాండాడు సూడు" అని టీ అంగడి దగ్గర చెప్పుకుంటున్నారట. నాకు ఒళ్లు మండింది. నేను నిద్ర మానుకుని తయారు చేసిన కెర్నెల్‌కు ఎవరో నాయకుడు యజమాని అయి కూర్చున్నాడు.

ఆ గుంపుకు కాస్త ఎడంగా ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఓబులేసు. రాజుపాలెం దిక్కు నుంచి వచ్చిన గొర్రెల కాపరి. ఈ కేసులకు మూలమైన దాడి జరిగిన రోజు అతని మంద ఆ దారిలో ఉంది. ఫిర్యాదులో పేర్లు ఎక్కువుంటే కేసు గట్టిగా ఉంటుందని పొద్దుటి పక్షంవాళ్లు అతని పేరూ ఎక్కించారు. అందులో అతను పద్నాలుగో ముద్దాయి, సాయంత్రం పక్షం. ఆ పక్షంలో ఒక్కడికీ అతను చుట్టం కాదు. అతను పేదవాడు కాబట్టి బెయిలుకు జామీను అతని అన్నదమ్ములిద్దరూ తమ పొలం చెక్కలు చూపించి ఇచ్చారు.

అతను వేలు పెట్టాడు. 'ఆలస్యం' అని పడింది. అతను చదవలేడు, కానీ ఆ అక్షరాల రూపం ఈపాటికి గుర్తుపట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఇదేందమ్మా? జమ్మలమడుగు బస్సు ఇంగా రాల్యా. ఆ బస్సు వచ్చి పాయినాక గదా మా టయిం అయిపొయ్యేది. నేను ఎండ ఉండంగానే వచ్చి కూసున్యా."

ఆ మాటతో నా చేతి గడియారం చూసుకున్నాను. తర్వాత తెర మీద టైము చూశాను. కంప్యూటరు దాదాపు గంట ముందుంది.

మర్నాడంతా ఆ యంత్రం పక్కనే కూర్చున్నాను. పొద్దున ఆన్ చేయగానే టైము సరిగ్గా ఉంది. మధ్యాహ్నానికి తేడా కనబడింది, సాయంత్రానికి పెరిగింది. కారణం తర్వాత తెలిసింది. బోర్డు మీద ఒక భాగం టిక్ టిక్‌మని సంకేతాలు పంపుతుంటే, కెర్నెల్ వాటిని లెక్కపెట్టి టైము నడుపుతుంది. ఈ కొత్త బోర్డు మీద ఆ టిక్కు రెండు దారుల్లో వచ్చేది. మా కెర్నెల్ అప్పుడప్పుడూ ఒకే టిక్కును రెండుసార్లు లెక్కపెట్టేది. రాత్రి సెంట్రీ యంత్రాన్ని పద్ధతిగా ఆపకుండా యూపీఎస్ స్విచ్చి కట్టేసేవాడు. దాంతో, కరెంటు లేనప్పుడు కూడా యంత్రం లోపల నడిచే బ్యాటరీ గడియారంలోకి తప్పు టైము ఎక్కేది కాదు. పొద్దున మళ్లీ సరైన టైముతోనే మొదలయ్యేది. కాబట్టి పొద్దున వచ్చేవాళ్లు ఎప్పుడూ వేళకే వచ్చినట్టు, సాయంత్రం వచ్చేవాళ్లు ఎప్పుడూ ఆలస్యమైనట్టు. ఏ పార్టీ ఎంత డబ్బు పోసినా అంత పక్షపాతంగా ఒక యంత్రాన్ని తయారు చేయించలేదు.

ఆ రోజు నేనక్కడ ఉండగానే ఓబులేసు బాషాను ఒక కోరిక కోరాడు. "నేను యా పక్కా కాదు సామీ. నన్ను మద్యానంలో ఏసుకోండి." బాషా తల అడ్డంగా ఊపాడు. కోర్టు ఉత్తర్వులో రెండే వేళలున్నాయి, ప్రోగ్రాములోనూ రెండే ఉన్నాయి. మధ్యాహ్నం అనేది ఎవరికీ తోచలేదు. తోచాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు కాబోలు.

ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి, బంగారం అంగళ్ల వీధి వెనకున్న ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, కెర్నెల్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టుకు లక్షణాలన్నీ రాశాను. అది అందరూ చదివే ఉత్తరాల బల్ల లాంటిది. ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒకాయన జవాబిచ్చాడు. ఆ బోర్డు మీది చిప్‌సెట్‌తో ఈ గోల ఆయనకు ముందే తెలుసు. కెర్నెల్ మొదలయ్యేటప్పుడు చదివే ఆదేశాల్లో ఒక మాట చేర్చండి, ఒక దారిలో వచ్చే టిక్కును అది వదిలేస్తుంది, అసలు సవరణ రాబోయే వెర్షన్లో ఉంటుంది అన్నాడు. వెళ్లి ఆ మాట చేర్చాను. రేడియోలో వార్తలకు ముందు వచ్చే బీప్‌లతో పోల్చి చూశాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకటే టైము. ఆ సాయంత్రం అరుగు మీద ఉన్నవాళ్లందరికీ 'హాజరు' పడింది. ఓబులేసు తన ముద్ర పడ్డ చోటును చాలాసేపు చూసి, ఇంగ బాగైందామ్మా అని అడిగాడు. బాగైందన్నాను.

యంత్రం బాగైంది. కానీ అప్పటికే పంపిన జాబితాలు ప్రాసిక్యూటరు దగ్గరున్నాయి. వాటి ఆధారంగా బెయిలు రద్దుకు పిటిషన్లు పడ్డాయి. సాయంత్రం పక్షం నాయకుడికి సొంత లాయరు ఉన్నాడు. తన మనుషులందరికీ వాయిదాలు తీసుకున్నాడు. ఓబులేసు ఆయన మనిషి కాదు కాబట్టి అతని తరఫున లేచి నిలబడే దిక్కు లేదు. వాయిదా అడిగినవాళ్లవి వెనక్కి పోతే, అడగనివాడిది ముందుకొచ్చింది.

గడియారం తప్పని కోర్టుకు రాతపూర్వకంగా చెప్పాలి. అది మా సంస్థ ద్వారా పోవాలి. కడపలో ఉన్న మా పై అధికారికి సాంకేతిక నివేదిక ఇచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు, అంతే. నివేదిక చదివి, ఈ తప్పు ఉందని ఎవరు ధ్రువీకరించారు అన్నాడు. ఫలానా ఇంజినీరు అని మెయిలు చూపించాను. ఈయన ఏ కంపెనీ? తెలియదు. హోదా? తెలియదు. లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర కావాలి, తెప్పించు అన్నాడు.

ఎవరి ముద్ర తేను? సరఫరాదారు తన యంత్రం భేషుగ్గా ఉందని, డబ్బు పెట్టి కొనే సిస్టం వేసుకుంటే ఈ బాధ ఉండదని చేతులు దులుపుకున్నాడు. సిస్టానికి యజమాని లేడు. ఆ చలిదేశపాయన పాపం నిజాయితీగా రాశాడు: నేను మీకు ఏ పత్రమూ ఇవ్వలేను, నాకు ఏ అధికారమూ లేదు, రాసింది ఎవరైనా చదివి సరిచూసుకోవచ్చు. మా రంగంలో అంతకు మించిన హామీ లేదు. కడప జిల్లాలో అది హామీయే కాదు.

నేనే సంతకం పెడతానన్నాను. పై అధికారి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నువ్వు పెడితే సంస్థ ఒప్పుకున్నట్టే, ఇన్ని వారాల రికార్డూ తప్పే అవుతుంది, సాయంత్రం పక్షానికి మేం పని చేసి పెట్టామని రేపు అసెంబ్లీలో అడుగుతారు అని వాదించాడు. ఆలోచించుకుని చెబుతానన్నాడు. ఆలోచిస్తూనే ఉన్నాడు. రోజుకో ఫోను చేశాను, వారానికోసారి కడపకు వెళ్లి వరండాలో కూర్చున్నాను. చివరికి విసిగిపోయి, సరైన మార్గం తప్పించి, నా పేరు, నా హోదా, నా సంతకంతో ధ్రువపత్రం రాసి నేరుగా ప్రాసిక్యూటరు ఆఫీసులో ఇచ్చేశాను. దానికి నాకు మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆపారు. ఆ పని చేసినందుకు అప్పుడూ చింతించలేదు, ఇప్పుడూ చింతించను.

కోర్టు ధ్రువపత్రాన్ని ఒప్పుకుంది. ఆ కాలంలో పడిన 'ఆలస్యం' నమోదులేవీ పరిగణనలోకి తీసుకోనక్కర్లేదని ఉత్తర్వు వచ్చింది. పొద్దుటివాళ్లు నన్ను సాయంత్రం పక్షం మేడం అన్నారు. మా ఆఫీసు కారు టైర్లలో గాలి తీశారు. అంతటితో పోయింది.

అయితే అది జరిగే లోపలే ఓబులేసు బెయిలు రద్దయి జైలుకు పోయాడు. అన్నదమ్ముల జామీను జప్తు చేస్తామని నోటీసులు వచ్చాయి. మంద కాసే దిక్కు లేక గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. అతని భార్య లక్ష్మీదేవి ఎక్కని గడప లేదు. మా ఆఫీసుకూ వచ్చింది. "అమ్మా, నీ కాయితం ఎప్పుడొస్తాది?" అని అడిగితే, మళ్లీ కడపకు ఫోను చేశాను. చివరికి సాయంత్రం పక్షం నాయకుడి గడప ఎక్కింది. అక్కడ పని వెంటనే అయింది. ఆయన లాయరు హైకోర్టు దాకా పోయి, ఈసారి ఆయన మనుషుల జామీను మీద ఓబులేసును బయటికి తెచ్చాడు. మిగిలిన గొర్రెలను ఆయన పొలంలోకి తోలించారు.

బయటికొచ్చాక ఓబులేసు ప్రొద్దుటూరులో నన్ను చూడ్డానికి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, కొత్తది. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీలోంచి రోడ్డు మీద ఆగి ఉన్న జీపు వైపు ఒకటికి రెండుసార్లు చూశాడు. కోర్టు ఉత్తర్వు వచ్చిందని, ఇప్పుడతని మీద ఏ మచ్చా లేదని నేనే ఉత్సాహంగా చెప్పాను. విన్నాడు.

"నువ్వు రాసిచ్చిన కాయితం మంచిదేమ్మా. అది వచ్చేతలికి నేను ఆయప్ప మనిషినైపోయింటి."

గొర్రెలున్నాయిగా, వాటిని తోలుకుని ఊరికి పొమ్మన్నాను. నా తెలివితక్కువతనానికి అతను కోప్పడలేదు. "యాడికి పోవాలమ్మా? జైల్లోంచి తెచ్చినోడు రమ్మంటే రానంటే, ఊర్లో ఉండనిస్తారా? ఇంగ ఆ పక్కోళ్లకు నేను వీళ్లవాణ్ణే గదా." జీపు హారను మోగింది. దండం పెట్టి వెళ్లాడు.

మరుసటి ఏడాది లింగాల రోడ్డులో ఆ జీపును అడ్డగించారు. నాయకుడు ఆ రోజు అందులో లేడు. ఉన్నవాళ్లలో ఇద్దరు చనిపోయారు, ఒకడు ఓబులేసు. బాషా అప్పటికి రిటైరయ్యాడు. ఆయనే ఫోను చేసి చెప్పాడు. ఈసారి ఫోన్లోనే అంతా చెప్పాడు. పేపర్లో ఫోటో వేసి, కింద ఫలానా నాయకుడి ముఖ్య అనుచరుడు అని రాశారు. పేపరుకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఏమని రాయాలి? కేసుల కాగితాల్లోనూ, జామీను కాగితాల్లోనూ అదే ఉంది. కాదనడానికి నా దగ్గరున్న ఆధారం అతను ఒకప్పుడు మధ్యాహ్నం అడిగాడన్న మాటొక్కటే. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో కొత్త ప్రాసెసర్ల మీద అదే సిస్టాన్ని ఎక్కించాను. ఇప్పటికీ దాన్నే మంచిదంటాను. దాని తప్పు ఎక్కడుందో ఎవరైనా చూడొచ్చు, పట్టుకుంటే దిద్దొచ్చు. కానీ ఆ పోస్టింగు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. యంత్రం పెట్టిన రోజే, ఇందులో తప్పు వస్తే కోర్టులోనైనా ఎక్కడైనా జవాబు చెప్పాల్సింది ఫలానా మనిషి అని పేరు రాయించి సంస్థ చేత ముద్ర వేయించేదాన్ని. ఎవరూ ముందుకు రాకపోతే నా పేరే రాసేదాన్ని. అదీ కుదరదంటే యంత్రాన్ని పెట్టెలోంచి తీయనిచ్చేదాన్ని కాను. కెర్నెల్‌లో తప్పు దిద్దడానికి ఒక మాట సరిపోయింది. ఆ మాటకు పూచీపడే మనిషి కోసం నెలలు పట్టింది. ఆ నెలల్లో ఓబులేసుకు పూచీపడే మనిషి దొరికాడు.